సమాధానం: పాత ట్విన్ టబ్ వాషింగ్ మిషన్‌లో డ్రయ్యరు గుయ్ మంటోంది, తిరగట్లేదు

అన్నా, కళింగపట్నంలో ఇరవై ఏళ్ల సెమీ ఆటోమేటిక్, ఉతికే వైపు బాగుంది, డ్రయ్యరు మాత్రం గుయ్ మని ఆగిపోతోంది అన్నారు. మోటారు కాలిపోయిందని ఎవరన్నా చెబితే వెంటనే నమ్మకండి.

ముందు ప్లగ్గు పీకేయండి. వెనక రేకు విప్పి, డ్రయ్యరు మూత వేసి ఉంచి, కింద మోటారు కప్లింగును (మోటారునీ టబ్బునీ కలిపే ముక్క) చేత్తో తిప్పండి. బిగుసుకుని ఉంటే చాలాసార్లు బ్రేకు వదలట్లేదన్నమాట. మూతకీ బ్రేకుకీ మధ్య ఉండే తీగ సముద్రపు గాలికి తుప్పు పట్టి సాగుతుంది, మార్చేయండి. బ్రేకు లైనింగుకి (ఒరుసుకుని ఆపే పట్టీకి) మాత్రం నూనె తగలనివ్వొద్దు, తగిలితే మూత తీసినా టబ్బు ఆగదు.

తేలిగ్గా తిరిగితే అనుమానం కెపాసిటర్ (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా) మీదే. దాని రెండు కొసలకీ బల్బు పెట్టిన హోల్డరు వైర్లు తగిలించి ఛార్జి దించాకే ముట్టుకోండి. కెపాసిటర్ కొలిచే మల్టీమీటరులో చూడండి: దాని మీద 5 మైక్రోఫారడ్ (కెపాసిటర్ కొలత) అని ఉండి 4 చూపిస్తే పని అయిపోయినట్టే. అదే విలువది, 440 వోల్టులది వేయండి. పెద్దది వేస్తే జోరు పెరగదు, మోటారు వైండింగ్ (లోపలి తీగ చుట్టలు) వేడెక్కుతుంది.

అసలు జబ్బు ఇంకోటి ఉండొచ్చు. మోటారు నెత్తిన తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే, టబ్బు అడుగున రబ్బరు సీలు కారుతున్నట్టే. ఆ నీరే బ్రేకునీ, మోటారు బుష్‌నీ (ఇరుసు తిరిగే గొట్టం ముక్కనీ) తినేస్తుంది. కప్లింగు బోల్టులు వదులు చేసి టబ్బు పైకి లాగి, సీలు మార్చి, దాని లోపలి అంచుకి నీళ్లకు కరగని గ్రీజు పల్చగా రాయండి. సీలు మార్చకుండా కెపాసిటర్ ఒక్కటే వేస్తే మళ్లీ ఇదే గొడవ.