ఆర్థిక అసమానత పెరిగితే రాజకీయ చీలిక కూడా పెరుగుతుందా?

చాలాచోట్ల రెండూ కలిసే పెరుగుతాయి. అమెరికాలో నోలన్ మెకార్టీ, కీత్ పూల్, హోవర్డ్ రోసెంథాల్ అనే పరిశోధకులు చట్టసభ సభ్యుల ఓటింగ్ రికార్డులను ఆదాయ లెక్కలతో పోల్చి చూశారు. 20వ శతాబ్దం మధ్యలో ఆదాయ అంతరాలు తగ్గినప్పుడు పార్టీల మధ్య దూరమూ తక్కువే. 1970ల చివరి నుంచి రెండూ పెరుగుతూ వచ్చాయి. అంతమాత్రాన ఒకటే రెండోదానికి కారణమని తేల్చలేం. జాతి, మతం, వలసల గొడవలూ ఇందులో కలిసి ఉన్నాయి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రం చీలిక వల్ల అసమానత ఇంకా ముదరడం. పార్టీలు రాజీకి రాకపోతే చట్టాలు ఆగిపోతాయి, పేదలకే ఎక్కువ దెబ్బ. అమెరికాలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఉండిపోయింది. ధరలు పెరిగాయి కాబట్టి ఆ కూలి నిజ విలువ బాగా పడిపోయింది.