అసమానతలపై అంత పట్టింపు ఉన్న అమ్మాయి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ చివరి సంవత్సరంలో ఆర్థికశాస్త్రం చదువుతోంది. పేదా గొప్పా తేడాలు, ఇంటి అద్దెలు, కార్మికుల హక్కులు, ప్రభుత్వ విధానాలు... ఇంట్లో ఏ మాట మొదలైనా చివరికి వీటి దగ్గరికే వస్తుంది. ఈ రంగంలోనే పనిచేస్తానని పట్టుబడుతోంది. అభిప్రాయాలు అన్నం పెడతాయా అన్నది మా భయం. ఆమెను ఏం చదివించాలి?
– ఒక తండ్రి

సమాధానం: మీ భయంలో న్యాయం ఉంది. అయినా ఆ అభిప్రాయాలను పక్కన పెట్టమని మాత్రం మీ అమ్మాయికి చెప్పకండి. ఈ రంగంలో జీతం ఇచ్చేవారు చూసేది, తన అభిప్రాయం ఎంతవరకు నిజమో తానే తేల్చుకోగల నేర్పు అభ్యర్థికి ఉందా లేదా అన్నదే. ఆ నేర్పు చదువుతో వస్తుంది. పట్టింపు మాత్రం ఎవరూ నేర్పేది కాదు, అది ఆమెకు ముందే ఉంది.

ఇలాంటి ఆసక్తితో వచ్చే విద్యార్థులకు నేను ముందుగా ఒక చిన్న లెక్క ఇస్తాను. ఐదు కుటుంబాల నెల ఆదాయాలు వరుసగా 10, 20, 30, 40, 100 అనుకుందాం. సగటు ఆదాయం 40. కానీ సరిగ్గా మధ్యలో ఉన్న కుటుంబానికి వచ్చేది 30 మాత్రమే, ఐదింట మూడు కుటుంబాలు సగటుకు దిగువనే ఉన్నాయి. ఇటలీకి చెందిన గణాంక శాస్త్రవేత్త కొరాడో గిని అసమానతను కొలవడానికి 1912లో ప్రతిపాదించిన గుణకం, అందరికీ సమానంగా అందితే సున్నా, అంతా ఒకే చేతికి చేరే కొద్దీ ఒకటికి దగ్గరవుతుంది. ఈ ఐదు కుటుంబాలకు అది 0.40. ఇప్పుడు అవి కట్టే అద్దెలు 5, 8, 10, 10, 10 అనుకొని తీసివేస్తే మిగిలేది 5, 12, 20, 30, 90. మళ్లీ లెక్కిస్తే గుణకం దాదాపు 0.48. ఎవరి ఆదాయమూ మారలేదు, అసమానత మాత్రం పెరిగింది, ఎందుకంటే అద్దె అట్టడుగు కుటుంబం నుంచి సగం తీసుకుపోతే పైకుటుంబం నుంచి పదో వంతే తీసుకుంది. బ్రిటన్ ప్రభుత్వం కుటుంబాల ఆదాయ గణాంకాలను అద్దె వంటి గృహవసతి ఖర్చులకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి ప్రకటించడానికి కారణం ఇలాంటి తేడాయే. అసమానత గురించి, అద్దెల గురించి వేర్వేరుగా వాదించే విద్యార్థి ఈ లెక్క చేసిన రోజున ఆ రెండూ ఒకే ప్రశ్న అని గ్రహించడం నేను చాలాసార్లు చూశాను.

ఈ లెక్క ఆమెకు ఉత్సాహం కలిగిస్తే దారి స్పష్టమే. గణాంక శాస్త్రం, ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక వాదనలను గణాంకాలతో పరీక్షించే పద్ధతులు) గట్టిగా నేర్పే ఆర్థికశాస్త్ర పీజీలో చేరి, శ్రమ ఆర్థికశాస్త్రాన్ని ప్రత్యేకాంశంగా తీసుకోవాలి. అక్కడ ఎలాంటి పని ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. కనీస వేతనం పెంచితే ఉద్యోగాలు తగ్గుతాయన్నది ఆర్థికవేత్తల్లో ఎక్కువ మంది చాలాకాలం నమ్మిన మాట. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్‌లో గంటకు 4.25 డాలర్ల కనీస వేతనాన్ని 5.05 డాలర్లకు పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఈ సరిహద్దుకు రెండు వైపులా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలను పెంపునకు ముందూ తరువాతా సర్వే చేసి, న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన ఆనవాళ్లు లేవని 1994లో ప్రచురించారు. జీతాల రికార్డులతో ఇతర పరిశోధకులు దానిని సవాలు చేశారు, కార్డ్, క్రూగర్ మళ్లీ జవాబిచ్చారు. కార్డ్‌కు 2021లో ఆర్థికశాస్త్ర నోబెల్ లభించింది, క్రూగర్ అప్పటికే కన్నుమూశారు. తన వాదనకు ఎదురుతిరిగే ఆధారాన్ని కూడా ఓపికగా చదవగలనా అని మీ అమ్మాయి తనను తాను అడగవలసింది ఈ దశలోనే.

లెక్కల కన్నా మాట మీద, పత్రం మీద ఆమెకు పట్టు ఉంటే కార్మిక చట్టం మేలైన దారి. ఇక్కడ ఒక్క పదం వేలమంది బతుకును మార్చేస్తుంది. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఊబర్ డ్రైవర్లను స్వతంత్ర కాంట్రాక్టర్లుగా కాక ‘వర్కర్లు’గా గుర్తించింది. కాగితం మీద ఏం రాసుకున్నా, ఛార్జీని, షరతులను నిర్ణయిస్తున్నది కంపెనీయే కదా అన్నది ఆ తీర్పులో కీలకమైన అంశం. దానితో వారు కనీస వేతనానికి, వేతనంతో కూడిన సెలవుకు అర్హులయ్యారు. కార్మిక చట్టం చదివితే సంఘాల తరఫునే పనిచేయాలని కూడా లేదు. 1919లో ఏర్పడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ సదస్సుకు ప్రతి సభ్యదేశం ప్రభుత్వం నుంచి ఇద్దరిని, యాజమాన్యాల నుంచి ఒకరిని, కార్మికుల నుంచి ఒకరిని పంపుతుంది. ఈ మూడు పక్షాలకూ చట్టం తెలిసినవారు కావాలి. ఏ పక్షాన నిలబడాలన్నది ఆమె మనస్సాక్షికి సంబంధించిన విషయం, ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోనక్కరలేదు.

గృహవసతి మీదే ఆమె మనసు నిలిచి ఉంటే నగర ప్రణాళికా కోర్సును చూడండి. వియన్నా నగరం 1920లలో ప్రత్యేక గృహ పన్ను వేసి అద్దె ఇళ్లు కట్టింది. సింగపూర్‌లో 1960లో ఏర్పడిన గృహ మండలి 99 ఏళ్ల లీజుపై ఇళ్లను అమ్ముతోంది. ఇంత భిన్నమైన మార్గాల మధ్య ఎంచుకోవడానికి భూమి, పన్నులు, నిర్మాణ వ్యయం మూడూ తెలిసినవారు అవసరం.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. స్వచ్ఛంద సంస్థల్లో జీతాలు తరచూ తక్కువగా ఉంటాయి, ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగియవచ్చు. దీన్ని ఆమెకు దాచకుండా చెప్పండి. గణాంకాలు వచ్చినవారికి మాత్రం బ్యాంకులు, సర్వే సంస్థలు, ప్రభుత్వ గణాంక విభాగాలు కూడా తలుపులు తెరుస్తాయి కాబట్టి ఆమె ఏ దారి ఎంచుకున్నా ఆ నైపుణ్యాన్ని వదలవద్దని నా గట్టి సలహా. ప్రభుత్వ ఉద్యోగం వల్ల స్థిరత్వం వస్తుంది కానీ, చాలా దేశాల్లో ఉద్యోగులు ప్రభుత్వ విధానాలను బహిరంగంగా విమర్శించడంపై ఆంక్షలు ఉంటాయి. ఇంట్లో ఇంత గట్టిగా వాదించే అమ్మాయికి ఆ మౌనం భారం కావచ్చు, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి.

దరఖాస్తులు పంపే ముందు ఆమెను రెండు పనులు చేయమనండి. పై లెక్కను పది కుటుంబాలతో స్వయంగా వేసి చూడాలి. తరువాత ఏదైనా ఒక కార్మిక వివాదం తీర్పును మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ఓడిన పక్షం వాదనను ఒక పేజీలో, ఆ పక్షం వారే ఒప్పుకునేంత నిజాయితీగా రాయాలి. రెండింటిలో దేని దగ్గర కూర్చున్నప్పుడు ఆమెకు సమయం తెలియలేదో గమనించి నాకు రాయండి, కళాశాలల వివరాలు అప్పుడు మాట్లాడుకుందాం.