టెక్ సందేహాలు: పాప పేరు, బాబాయి పాస్‌వర్డ్

ప్రశ్న: మాది గాజువాక. మా పాపకు తొమ్మిదేళ్లు. ఆర్కే బీచ్‌లో మా మరిది తీసిన డాన్స్ రీల్ వైరల్ కావడంతో పాప పేరుతో ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ తెరిచాడు. ఇప్పుడు బట్టల షాపులవాళ్లు ప్రమోషన్లకు పిలుస్తున్నారు. డబ్బులన్నీ అతని ఫోన్‌కే వస్తాయి. పాపేమో 'నాకు వద్దమ్మా' అంటోంది. ఆపుదామంటే 'పిల్లకొచ్చిన పేరు నువ్వే పాడుచేస్తావా' అని మా అత్తగారి కోపం. పాస్‌వర్డ్ లేకుండా అకౌంట్ నా చేతికి వస్తుందా?

జవాబు: రాదమ్మా. తెప్పిస్తామని డబ్బులడిగేవాళ్లు మోసగాళ్లు, వాళ్ల జోలికి పోవద్దు. అకౌంట్‌కు ఎవరి మెయిల్, ఎవరి నంబర్ ఇచ్చారో పెత్తనం వాళ్లదే. అందుకే మరిదిని పక్కన కూర్చోబెట్టుకునే ఈ పని చేయాలి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ సెంటర్‌కు వెళ్లి మెయిల్, నంబర్ మీవి పెట్టండి. పాస్‌వర్డ్ మార్చండి. లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు అడిగే టూ ఫ్యాక్టర్ కోడ్ మీ ఫోన్‌కు వచ్చేలా చూసుకోండి. పాత ఫోన్లన్నిటి నుంచీ లాగౌట్ చేయండి.

13 ఏళ్లలోపు పిల్లల అకౌంట్‌ను పెద్దవాళ్లు నడుపుతుంటే ఆ సంగతి బయోలో రాసి తీరాలి. ఇది ఇన్‌స్టాగ్రామ్ నియమమే. రాయకపోతే అకౌంటే పోవచ్చు. ఈ మాట చెబితే మరిది కూడా వింటాడేమో.

అత్తగారి కోపానికీ ఒక దారి ఉంది. రీల్స్ డిలీట్ చేయకుండా ఆర్కైవ్‌లో పెట్టండి. బయటివాళ్లకు కనబడవు, లైకులు, కామెంట్లు ఎక్కడికీ పోవు. రేపు పాప మళ్లీ సరదాపడితే వెనక్కి తెచ్చుకోవచ్చు. ముందుగా స్కూల్ యూనిఫాం, ఇంటి గేటు, ట్యూషన్‌కు వెళ్లే వీధి కనబడేవి తీసేయండి. ఇందులో బేరం వద్దు. పిల్ల ఏ వేళకు ఎక్కడ ఉంటుందో తెలియనివాళ్లకు మనమే చెప్పినట్టవుతుంది. అకౌంట్‌ను ప్రైవేట్ చేయాలంటే, అది ప్రొఫెషనల్ (వ్యాపారానికి వాడే) రకమైతే ముందు పర్సనల్‌కు మార్చాలి. ప్రైవేట్ చేసినా పాత ఫాలోయర్లు అలాగే ఉంటారు, ముక్కూమొహం తెలియనివాళ్లను తొలగించండి.

ఇక డబ్బు. సినిమా, టీవీల్లో చేసే పిల్లల కోసం 2017లో వచ్చిన బాలకార్మిక నిబంధనల ప్రకారం సంపాదనలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. రోజుకు 5 గంటలకు మించి పని చేయించకూడదు, ఏకబిగిన 3 గంటలు దాటకూడదు. రీల్స్‌కైనా ఇంతకంటే తక్కువ న్యాయం ఎందుకు చేయాలి? ఇప్పటిదాకా వచ్చిన డబ్బుల లెక్క కాగితం మీద రాయించండి. కొత్త ప్రమోషన్ ఏదైనా పాప సరేనంటేనే ఒప్పుకోండి. 'వద్దు' అని తొమ్మిదేళ్ల పిల్ల నోరు తెరిచి చెప్పిందంటే అప్పటికే చాలా ఓర్చుకుని ఉంటుంది. ఆ మాట మీరు విన్నారు. అత్తగారి కోపానికి భయపడి వెనక్కి తగ్గకండి.

మరిది ససేమిరా అంటే, 13 ఏళ్లలోపు పిల్లల ఫోటోలు, వీడియోలను తొలగించమని తల్లిదండ్రులు పెట్టుకునే ఫారం ఇన్‌స్టాగ్రామ్ హెల్ప్ సెంటర్‌లో ఉంది. పిల్లను కొట్టో తిట్టో చేయిస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మధురవాడ నుంచి రాస్తున్నాను. నాకు 16 ఏళ్లు. చిన్నప్పుడు నాన్న యూట్యూబ్‌లో పెట్టిన నా వీడియోలు చూసి కాలేజీలో ఏడిపిస్తున్నారు. తీయమంటే 'అవి మన జ్ఞాపకాలు' అంటున్నారు.

జవాబు: యూట్యూబ్‌లో ప్రైవసీ ఫిర్యాదు నువ్వే పెట్టవచ్చు. 18 ఏళ్లలోపు వాళ్ల ఫోటోలను గూగుల్ సెర్చ్‌లో రాకుండా చేయించే ఫారం కూడా ఉంది. అయితే దాంతో సెర్చ్‌లో కనబడటమే ఆగుతుంది, అసలు వీడియో ఉన్నచోటే ఉంటుంది. ఫిర్యాదుకు ముందు ఇది నాన్నగారికి చూపించు: యూట్యూబ్ స్టూడియోలో, వీడియో ఎవరికి కనబడాలో చెప్పే విజిబిలిటీని ప్రైవేట్‌కు మారిస్తే వీడియోలు పోవు, ఆయన ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంట్లో చూసుకోవచ్చు.