తొమ్మిదేళ్ల ప్రాజెక్టు ఎవరి చేతిలో పెట్టను?

ప్రశ్న: మేడమ్, పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును, ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి తొమ్మిదేళ్ల కింద రాసి, కోడ్ ఎవరైనా చూసి మార్చుకునేలా ఓపెన్ సోర్స్‌గా పెట్టాను. డీటీపీ వాళ్లు, చిన్న పత్రికల వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. మెడనొప్పి వచ్చాక ఆఫీసు పని అయ్యేసరికే ఓపిక ఉండటం లేదు. 'కొత్త మెయింటెయినర్లు (ప్రాజెక్టు బాగోగులు చూసేవాళ్లు) కావాలి' అని ప్రాజెక్టు పేజీ మీద రాసి ఆరు నెలలైంది, ఒక్కరూ రాలేదు. ముక్కూ మొహం తెలియని ఒకతను మాత్రం హక్కులన్నీ తనకిచ్చేయమని రోజూ మెయిల్ పెడుతున్నాడు. ఇచ్చేసి ఊపిరి పీల్చుకుందామనిపిస్తోంది. ఏమంటారు?
– పేరు వద్దన్న పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు మెడ సంగతి చూసుకోండి. 'మూడు నెలల వరకు కొత్త వెర్షన్ రాదు' అని పేజీ మీద రాసేయండి. వాడేవాళ్లు అర్థం చేసుకుంటారు, మీకూ టెన్షన్ తగ్గుతుంది.

ఆ మెయిళ్ల మనిషికి మాత్రం ఇవ్వకండి. అతను మంచివాడే కావచ్చు. కానీ ఒక్క తప్పు కూడా దిద్దకుండా తాళాలు అడుగుతున్నాడు. ఎక్స్‌జెడ్ అని ఒక కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్‌కు బదులు లినక్స్ అనే సిస్టమ్ మీద నడిచే కంప్యూటర్లు చాలావాటిలో ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే జీతం లేకుండా నడిపాడు. ఆయన అలసిపోయిన రోజుల్లో జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయానికి వచ్చారు. ఇంకేవో పేర్లతో 'మీ వల్ల కావడం లేదు, వేరేవాళ్లకు అప్పగించండి' అని ఒత్తిడి కూడా మొదలైంది. రెండేళ్లకు పైగా పనిచేసి నమ్మకం సంపాదించిన ఆ జియా టాన్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వి చూస్తే, 2024 మార్చి 29న సంగతి బయటపడింది. అంత పనిచేసినవాడే అలా చేశాడు. అందుకే ఎవరు వచ్చినా సరే, వెర్షన్ విడుదల చేసే హక్కు ఒకేసారి ఇవ్వకండి. ఇచ్చినా, ఒకరు చేసిన మార్పును ఇంకొకరు చూశాకే విడుదల కావాలి.

ఇక ఆరు నెలలైనా ఎవరూ ఎందుకు రాలేదంటే, 'మెయింటెయినర్ కావాలి' అన్న మాట చదివినవాళ్లకు అది ఎప్పటికీ తెమలని చాకిరీలా కనబడుతుంది. లినక్స్‌ను తయారుచేసి పంచే డెబియన్ వాళ్ల దగ్గర దీనికి మంచి పద్ధతి ఉంది. 'సాయం కావాలి', 'దత్తత ఇస్తాను', 'వదిలేశాను' – ఈ మూడింటినీ వేర్వేరుగా ప్రకటిస్తారు. మీకు కావలసింది మొదటిదే అనుకుంటున్నాను. అయితే అదే రాయండి: ఏ పని, వారానికి ఎన్ని గంటలు, పక్కన ఎవరుంటారు.

అసలు మీ మనిషి కొత్తగా ఎక్కడి నుంచో రానక్కర్లేదు. గత రెండేళ్లలో మీకు తప్పులు రాసి పంపినవాళ్ల పేర్లు ఒకసారి తీయండి. రెండు మూడుసార్లు కనబడే పేరు ఒకటైనా ఉంటుంది.

మేం నలుగురం తెలుగు స్పెల్‌చెక్ కోసం పదాల పట్టిక ఒకటి నడుపుతున్నాం. డాబాగార్డెన్స్‌లో ఒక ప్రెస్సులో డీటీపీ చేసే అమ్మాయి నాకు వాట్సాప్‌లో ఫొటోలు పంపేది. ప్రింటు తీసిన కాగితం, మాటల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు. ఒకసారి 'బుగత' చుట్టూ సున్నా చుట్టి, 'ఇది మా వైపు మాటండీ, తప్పని ఎలా చూపిస్తుంది?' అని పక్కన రాసింది. నేను థాంక్స్ చెప్పి, నేనే దిద్దేదాన్ని. ఏడాది పాటు అలాగే చేశాను. ఆ అమ్మాయికి ఆ పట్టిక తెరిచి చూపించాలన్న ఆలోచనే రాలేదు నాకు. ఆ ఏడాది తలచుకుంటే ఇప్పటికీ బాధే. చివరికి ఒక ఆదివారం ప్రెస్సులో ఆమె పక్కన కూర్చుని చూపించాను. టీ వచ్చేలోపు పదకొండు మాటలు తనే చేర్చింది. ఇప్పుడు ఉత్తరాంధ్ర మాటలన్నీ ఆమె చూశాకే పట్టికలోకి వస్తాయి. ప్రోగ్రామింగ్ ఆమెకు రాదు. మీ ప్రాజెక్టులోనూ సగం పని అలాంటిదే కదా. 'స్త్రీ'లో ర వత్తు పక్క అక్షరానికి అంటుకుందో లేదో చూడటానికి కోడ్ కంటే కన్ను ముఖ్యం.

ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా సైటు పాస్‌వర్డు నా ఒక్కదాని దగ్గరే ఉంది. మా ఇంటికి కరెంటు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. హైదరాబాద్‌లో ఉన్న మిగతా ముగ్గురూ ఏమీ చేయలేక ఊరుకున్నారు. సైటు రెన్యువల్, పాస్‌వర్డుల వివరాలు మీకు బాగా తెలిసిన ఇంకొకరి దగ్గర ఈ వారంలోనే పెట్టండి. మీ తలలో ఉన్నదంతా ఫోనులో చెప్పి రికార్డు చేయండి, టైపు ఇంకొకరు చేస్తారు. మెడకూ శ్రమ ఉండదు.

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది. ఓపెన్ సోర్స్‌లో పనిచేస్తే రెజ్యూమేలో బాగుంటుందని సీనియర్లు అంటున్నారు. కోడింగ్ అంతంతమాత్రం. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, మధురవాడ

జవాబు: రెజ్యూమే కోసమైతే మాత్రం ఏం, రామ్మా. పెద్ద ప్రాజెక్టుల్లో కొత్తవాళ్లకని గుర్తుపెట్టిన చిన్న పనులు ఉంటాయి, కానీ వాటి మీద పోటీ ఎక్కువ. నువ్వు రోజూ వాడేదాంట్లో నీకే తగిలిన తప్పుతో మొదలుపెట్టు. లేదంటే పైన గాజువాక ఆయన ఉత్తరం ఉంది చూడు. ఆయన ఒప్పుకుంటే మీ ఇద్దరినీ నేను కలుపుతాను. ఈలోగా అను ఫాంటులో ఉన్న పాత పెళ్లి శుభలేఖ ఫైలు ఒకటి ఏదైనా ప్రెస్సులో అడిగి తెచ్చుకుని, యూనికోడ్‌లోకి మార్చి, ఎక్కడెక్కడ వత్తులు చెదిరాయో ఒక కాగితం మీద రాసి పెట్టుకో.