పరీక్ష చేయించకుండానే గోధుమ మానేశారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నా వయసు 34. మాది గుంటూరు, బ్రాడీపేట. ఏడాదిన్నరగా ఏం తిన్నా కడుపు ఉబ్బరం, గ్యాస్. మధ్యమధ్యలో విరేచనాలు. మందుల షాపులో అడిగి రోజూ పరగడుపున గ్యాస్ బిళ్ల వేసుకుంటున్నాను. యూట్యూబ్‌లో చూసి రెండున్నర నెలల క్రితం గోధుమ, మైదా మానేశాను. ఉబ్బరం సగానికి తగ్గింది. బరువు ఆరు కిలోలు తగ్గాను, అందరూ బాగున్నావంటున్నారు. హిమోగ్లోబిన్ 8.6 ఉంది. ఐరన్ టానిక్ తాగుతున్నా పెరగడం లేదు. మా చెల్లెలికి చిన్నప్పటి నుంచి షుగర్, ఇన్సులిన్ తీసుకుంటుంది. మావారి పని మీద తరచూ విజయవాడ వెళ్తుంటాం, బయట తినక తప్పదు. హోటళ్లలో ఏం తినొచ్చు? గ్లూటెన్ ఫ్రీ సరుకులు ఏవి కొనాలి? తొమ్మిదేళ్ల మా బాబుకి కూడా గోధుమ మాన్పించమంటారా?

జవాబు: అమ్మా, హోటళ్ల సంగతి తర్వాత చెప్తాను. ముందు మీరు అడగని విషయం మాట్లాడాలి.

ఐరన్ తాగుతున్నా కదలని 8.6 హిమోగ్లోబిన్. ప్రయత్నం లేకుండా తగ్గిన ఆరు కిలోలు. చెల్లెలికి చిన్నప్పటి నుంచే ఇన్సులిన్, అంటే బహుశా టైప్ 1 మధుమేహం. ఈ మూడూ ఒకేచోట కనిపిస్తే సీలియాక్ జబ్బేమోనన్న అనుమానం రావాల్సిందే. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక, మన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు లోపలి పొరను దెబ్బతీసే జబ్బు ఇది. ఆ పొర పాడైతే ఎన్ని సీసాల టానిక్ తాగినా ఐరన్ ఒంటికి పట్టదు. టైప్ 1 షుగర్, కొన్ని రకాల థైరాయిడ్ జబ్బులు ఉన్న కుటుంబాల్లో ఇది కాస్త ఎక్కువగా కనిపిస్తుంది.

అలాగని మీకు అదే ఉందని నేను అనడం లేదు. ఉత్తరం చదివి జబ్బు తేల్చడం కుదరదు, తేల్చకూడదు కూడా. ఉత్తర భారతంలో సుమారు వందమందిలో ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. అన్నం తినే మన దక్షిణాదిలో అంతకంటే చాలా తక్కువ. నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, కొంకిపురుగులు, పేగు టీబీ, పేగులో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బు, థైరాయిడ్ తేడాలు, ఇలా మీ లక్షణాలకు వేరే కారణాలు చాలానే ఉండొచ్చు. వీటిలో కొన్నింటికి మందు ఉంది, ఆలస్యం చేస్తే ముదురుతాయి. గోధుమ మానేసి ‘ఇప్పుడు పర్లేదు’ అనుకుంటూ కూర్చుంటే వాటి సంగతి ఎవరు చూస్తారు? బరువు తగ్గితే బాగున్నావని మెచ్చుకునే బంధువులకు మీ రిపోర్టు తెలియదు కదా.

ఇక నాకు కోపం తెప్పించే విషయం. మీ మీద కోపం కాదు, ఆ వీడియోల మీద. సీలియాక్‌కు మొదట చేసే రక్తపరీక్ష టీటీజీ-ఐజీఏ. ఈ జబ్బులో పుట్టే ఐజీఏ రకం యాంటీబాడీలను అది పట్టిస్తుంది. దాంతోపాటు టోటల్ ఐజీఏ, అంటే రక్తంలో ఆ రకం యాంటీబాడీలు మొత్తం ఎన్ని ఉన్నాయో కూడా చూస్తాం. ఎందుకంటే కొందరికి పుట్టుకతోనే ఐజీఏ తక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు జబ్బున్నా టీటీజీ నార్మల్ అని వస్తుంది. అనుమానం బలపడితే ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపుతాం. ఈ పరీక్షలన్నీ మనిషి గోధుమ తింటూ ఉన్నప్పుడే సరిగ్గా పలుకుతాయి. మానేశాక రక్తంలో యాంటీబాడీలు క్రమంగా పడిపోతాయి, పేగు పొర కోలుకోవడం మొదలవుతుంది. అప్పుడు పరీక్ష చేయించడం, దొంగను సాగనంపి వేలిముద్రలు కడిగేశాక పోలీసులను పిలిచినట్టు. రిపోర్టు నార్మల్ అని వస్తే ఏ జబ్బూ లేదని నమ్మాలా, మానేయడం వల్ల అలా వచ్చిందనుకోవాలా? ఇలాంటి రిపోర్టులు పట్టుకుని నా దగ్గరకు వచ్చేవాళ్లు ఇప్పుడు ఎక్కువైపోయారు.

‘మానేస్తే తగ్గింది కదా, అదే రుజువు కదా’ అని మీరు అనొచ్చు. రుజువు కాదమ్మా. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే ఉండదు, ఫ్రక్టాన్స్ అనే పిండిపదార్థాలు కూడా ఉంటాయి. ఉల్లి, వెల్లుల్లిలోనూ ఇవే. ఇరిటబుల్ బవెల్, అంటే పేగు పొర బాగానే ఉన్నా ఉబ్బరం, విరేచనాలు వచ్చే సమస్య, ఉన్నవాళ్లకు ఇవి పేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. గోధుమ తగ్గిస్తే వాళ్లకూ హాయిగానే ఉంటుంది. అయితే వాళ్లు అప్పుడప్పుడు ఒక పుల్కా తిన్నా పేగుకు ప్రమాదం లేదు. సీలియాక్ ఉన్నవాళ్లు మాత్రం జీవితాంతం రవ్వంత కూడా తినకూడదు. ఒకరికి వెసులుబాటు ఉంది, ఇంకొకరికి లేదు. మీరు ఎవరో తేలకుండా జీవితాంతం పథ్యం ఎందుకు?

మీ దగ్గర్లోని జీర్ణకోశ నిపుణుడిని, అంటే గ్యాస్ట్రోఎంటరాలజిస్టును, ఈ వారంలోనే కలవండి. కొత్తపేటలో మీకు కొదవ లేదు. రెండున్నర నెలలే కాబట్టి టీటీజీ ఇంకా పూర్తిగా పడిపోకపోయి ఉండొచ్చు, ముందు ఇప్పుడే ఒకసారి చేయించడం మేలు. నార్మల్ వచ్చినా అనుమానం మిగిలితే హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యు పరీక్ష ఉంది. దీనికి గోధుమ తినాల్సిన పని లేదు. ఇది నెగటివ్ వస్తే సీలియాక్‌ను దాదాపు పక్కన పెట్టేయొచ్చు. పాజిటివ్ వస్తే మాత్రం జబ్బు ఉన్నట్టు కాదు, ఆరోగ్యవంతుల్లోనూ చాలామందికి ఈ జన్యువులుంటాయి. అప్పటికీ తేలకపోతే కొన్ని వారాల పాటు మళ్లీ గోధుమ తినిపించి పరీక్ష చేస్తాం. రోజుకు ఒకటి రెండు చపాతీలు, రెండు నుంచి ఎనిమిది వారాలు. ఇది మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. మీ రక్తం ఇప్పటికే 8.6 ఉంది, డాక్టరు చూస్తూ ఉండగానే జరగాలి. గర్భం దాల్చే ఆలోచన ఉంటే ముందే చెప్పండి. గోధుమ తిన్న నిమిషాల్లో దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చిన అనుభవం ఉంటే అసలు ప్రయత్నించకండి. అది అలర్జీ, దాని దారి వేరు.

ఫుడ్ ఇన్‌టాలరెన్స్ ప్యాకేజీ పేరుతో వందల ఆహార పదార్థాలకు ఐజీజీ అనే ఇంకో రకం యాంటీబాడీ పరీక్షలు చేస్తామని ఎవరైనా అంటే డబ్బు పారేసుకోకండి. వాటితో సీలియాక్ తేలదు.

గ్యాస్ బిళ్ల గురించి. మీరు పేరు రాయలేదు కానీ పరగడుపున అంటే పాంటోప్రజోల్ లాంటిదే అయి ఉంటుంది. మంచి మందే, అవసరమైనవాళ్లకు, అవసరమైనన్నాళ్లు. నెలల తరబడి వాడితే కడుపులో ఆమ్లం తగ్గి ఐరన్, బి12 ఒంటికి పట్టడం తగ్గొచ్చు. అంటే ఒక చేత్తో టానిక్ తాగుతూ ఇంకో చేత్తో దాన్ని అడ్డుకుంటున్నారేమో. పైగా లక్షణాలు సగం అణిగిపోయి ఏడాదిన్నర గడిచిపోయింది. షాపులో కుర్రాడు ఇచ్చాడని వేసుకోవడం, ఇంకొకరు చెప్పారని డోసు పెంచడం మన ఊళ్లలో ఇంటింటా ఉన్నదే. చదువుకున్నవాళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. డాక్టరుకు ఆ స్ట్రిప్పు చూపించండి. ఉన్నట్టుండి ఆపితే మంట తిరగబడుతుంది కాబట్టి ఎలా తగ్గించాలో వారే చెప్తారు. పాత రిపోర్టులు, టానిక్ సీసా కూడా తీసుకెళ్లండి. మలంలో రక్తం, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, ఆగని వాంతులు, నడిస్తే ఆయాసం, వీటిలో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, వెంటనే వెళ్లండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ఇది సీలియాక్ అని తేలినవాళ్లకు వర్తించే జాగ్రత్త అనుకుని చదవండి.

మన తిండి ఈ జబ్బుకు చాలావరకు అనుకూలమే. అన్నం, పప్పు, కూర, పెరుగు, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగి సంకటి, మినప సున్నుండలు, అరిసెలు, పూతరేకులు, వీటిలో వేటికీ సహజంగా గ్లూటెన్ లేదు. చిక్కంతా వాటిలో కలిసేవాటితో. మొదటిది ఇంగువ. బజార్లో దొరికే చాలా రకాల ఇంగువలో గోధుమ పిండో మైదానో కలుపుతారు. పులిహోర, చారు, సాంబారు, మాగాయ, కందిపొడి, అన్నిట్లోనూ అది పడుతుంది కాబట్టి బియ్యప్పిండితో చేసిన ఇంగువ వెతికి కొనుక్కోండి. ఉప్మా రవ్వ, సేమియా గోధుమవే. ఇడ్లీ రవ్వ బియ్యానిది, దాన్ని వాడుకోవచ్చు. మల్టీగ్రెయిన్ ఆటాలో సింహభాగం గోధుమే. రాగి బిస్కెట్టు అని పెద్దక్షరాల్లో ఉంటే ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి, చాలాసార్లు మొదటి పేరు మైదాదే ఉంటుంది. పిల్లలకు పాలలో కలిపే మాల్ట్ పొడులు చాలావరకు బార్లీతోనో గోధుమతోనో చేసినవి. సోయా సాస్‌లోనూ గోధుమ ఉంటుంది. ఓట్స్ గోధుమతో కలిసి వస్తుంటాయి కాబట్టి మొదట్లో మానేయడమే నయం.

గ్లూటెన్ ఫ్రీ అని ముద్రించాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల లోపే గ్లూటెన్ ఉండాలని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. గోధుమ, బార్లీ ఉంటే ఆ సంగతి ప్యాకెట్ మీద అలర్జీ వివరాల్లో రాయాలి. చిన్న అక్షరాలే, కళ్లజోడు పెట్టుకుని చదవండి. అలాగని ఆ ముద్ర ఉన్న ఖరీదైన కేకులు, కుకీలు కొనమని కాదు. వాటిలో పిండి, చక్కెర, నూనె తప్ప పెద్దగా ఏమీ ఉండవు. రైతుబజార్‌లో కూరగాయలు, కిరాణాలో పప్పులు, బియ్యం, వీటికి ఏ ముద్రా అక్కర్లేదు.

పిండి మర గురించి ఎవరూ చెప్పరు. రాగులు, జొన్నలు శుభ్రంగా ఏరి కడిగి ఎండబెట్టి మరకు పట్టుకెళ్తాం. మనకంటే ముందు ఎవరో రెండు కిలోల గోధుమలు ఆడించి వెళ్లి ఉంటారు. గరాటు అంచున, రాళ్ల మధ్య, పిండి జారే గుడ్డ గొట్టంలో ఆ గోధుమ పిండి అలాగే ఉంటుంది. తర్వాత పడే మొదటి శేరు పిండిలో అదంతా కలిసి వస్తుంది. సీలియాక్ ఉన్నవాళ్లకు అదే చాలు. ఇంట్లో చిన్న మరో, గట్టి మిక్సీయో ఉంటే మంచిది. లేదంటే బియ్యమే పట్టే మర చూసుకోండి.

హోటల్లో మెనూ కార్డు కంటే పెనం చూడటం ముఖ్యం. రవ్వ దోసె వేసిన పెనం మీదే, అదే అట్లకాడతో మీ పెసరట్టు తిప్పుతారు. ఉప్మా పెసరట్టు సంగతి చెప్పక్కర్లేదు. పూరీలు వేయించిన నూనెలోనే గారెలు వేస్తారు. మైసూర్ బజ్జీ మైదాతోనే, పునుగుల పిండిలోనూ కొన్నిచోట్ల మైదా కలుపుతారు, అడగండి. అందుకని టిఫిన్ అయితే ఆవిరి మీద ఉడికిన ఇడ్లీ, కొబ్బరి చట్నీ. సాంబారులో ఇంగువ అనుమానం ఉంటుంది, వదిలేయండి. భోజనం అయితే అన్నం, ముద్దపప్పు, నెయ్యి, పెరుగు. మంచూరియా, చికెన్ 65, నూడుల్స్ వద్దు. బిర్యానీలో అన్నం, మాంసం పర్లేదు కానీ దమ్ కోసం మూత చుట్టూ అంటించేది తరచూ గోధుమ పిండే, పైగా వేయించిన ఉల్లిపాయల్లో మైదా కలిపేవాళ్లూ ఉన్నారు. రద్దీ లేని వేళ, మధ్యాహ్నం పన్నెండు గంటల లోపు వెళ్తే వంటవాడితో మాట్లాడే వీలుంటుంది. బెంజ్ సర్కిల్ దగ్గర రాత్రి తొమ్మిదింటికి ఎవరికీ అంత ఓపిక ఉండదు. ‘డైటింగ్’ అని చెప్పకండి, ‘గోధుమ పడితే ఒంట్లో బాగుండదు, డాక్టరు వద్దన్నారు’ అనండి. గుంటూరు నుంచి విజయవాడ గంట ప్రయాణమే, పెరుగన్నం డబ్బా తీసుకెళ్లడం నామోషీ ఏమీ కాదు.

బాబు విషయం. వద్దమ్మా, పరీక్ష లేకుండా మాన్పించకండి. ఎదిగే పిల్లాడి తిండిలో ఒక భాగం తీసేస్తే ఆ లోటు పూడ్చడం అంత తేలిక కాదు, పైగా అప్పుడు వాడి పరీక్షకూ మీకు వచ్చిన ఇబ్బందే వస్తుంది. మీకు సీలియాక్ అని తేలితే తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ ఒకసారి టీటీజీ చేయించుకోవాలి. మీ చెల్లెలికి టైప్ 1 అయితే, మీ ఫలితంతో సంబంధం లేకుండా ఈసారి షుగర్ చెకప్‌కు వెళ్లినప్పుడు ఇది కూడా అడగమనండి. బాబు ఎత్తు, బరువు ఏటా రాసి పెడుతున్నారా? లేకపోతే ఈరోజు మొదలుపెట్టి, ఆ కాగితం పిల్లల డాక్టరుకు చూపించండి. అప్పటిదాకా వాడి చపాతీ వాడికి పెట్టండి.

(ఈ సలహా అవగాహన కోసమే. మిమ్మల్ని పరీక్షించిన డాక్టరు మాటే చివరిది.)