నీ స్క్రిప్టు చదివాక

అమ్మలూ,

నీ సినిమా స్క్రిప్టు రాత్రి కూర్చుని మొత్తం చదివాను. ఆ జంటలో ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే విడిపోతారే, అది నాకు బాగా నచ్చింది. ఎవరెన్ని చెప్పినా దాన్ని మార్చకు.

నా టెన్షనంతా ఆ వాయిస్ ఓవర్ గురించే. సీను అయిపోగానే ఒక కవిత వినిపిస్తున్నావు. గ్యాస్ సిలిండరు సీనే తీసుకో. డెలివరీ అబ్బాయి ఓటీపీ అడుగుతాడు. ఆ నంబరేమో ఇంకా ఆమెతో విడిపోయిన అతని ఫోనుకే పోతోంది. విడిపోయిన ఇన్ని నెలలకి ఆమె ఫోన్ చేస్తే, అతను నాలుగు అంకెలు చదివి పెట్టేస్తాడు. చదువుతుంటే నా గుండె పట్టేసింది. వెంటనే కవిత మొదలైంది, పట్టు సడలిపోయింది. ఆ కవిత తీసెయ్ తల్లీ.

అతన్ని అక్కడ చూపించకు కూడా. 2000లో వచ్చిన హాంకాంగ్ సినిమా ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’లో హీరోయిన్‌ని మోసం చేసిన భర్త ముఖం, హీరోని మోసం చేసిన భార్య ముఖం మనకి ఒక్కసారీ కనిపించవు. గొంతులే వినిపిస్తాయి. అందుకే చూపంతా మిగిలిన ఇద్దరి మీదే ఉంటుంది. నువ్వూ కెమెరా ఆమె మీదే ఉంచు. అతని వెనక బస్సు హారన్ వినపడితే చాలు.

ఇది డబ్బింగులో రాదు. షూటింగులోనే మాటలు రికార్డు చేసే సింక్ సౌండే పెట్టుకో, లైట్లు ఒకటి తగ్గినా ఫరవాలేదు. ప్రతి గదిలో షాట్లయ్యాక అందర్నీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డు చేయించు. మాటల మధ్య ఖాళీల్లో అదే వెయ్యాలి. లేకపోతే మౌనం వచ్చిన చోటల్లా సౌండు పోయిందనుకుంటారు. ఆర్కే బీచ్ సీను కూడా ఇంట్లోకి మార్చు. అలల హోరు షాటుకో రకంగా ఉంటుంది, కట్ చేసినప్పుడల్లా ఎగిరిపడుతుంది.

డెలివరీ అబ్బాయి వేషం నిజంగా ఆ పని చేసే కుర్రాడికే ఇవ్వు. 2018లో ‘కేరాఫ్ కంచరపాలెం’లో ఎక్కువమంది ఆ ఊరివాళ్లే కదా, ఆ సినిమాకి అంత నిజం వాళ్లవల్లే వచ్చింది.

రేడియోలో పాత సినిమా పాట వద్దు. రికార్డింగు హక్కు ఒకరిది, సాహిత్యం, బాణీ హక్కులు వేరొకరివి కావచ్చు. అందరి అనుమతీ కావాలి, నీ బడ్జెట్టుకి అది మోయలేని బరువు.

రఫ్ కట్, అదే తొలి విడత ఎడిటింగ్, అవ్వగానే పంపు. మ్యూజిక్ వెయ్యకుండా పంపు.

మీ బాబాయ్