ఇంట్లో క్రిస్మస్ చెట్టు: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

డిసెంబరు దగ్గర పడేకొద్దీ ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్ల గురించి మాకు ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. వాటిలో నుంచి ఆరింటిని ఎంచుకొని ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది రెండు పడకగదుల ఫ్లాటు. హాలు వెడల్పు 10 అడుగులు, పొడవు 14 అడుగులు. కిందటి సంవత్సరం అట్టపెట్టె మీది బొమ్మ చూసి 6 అడుగుల చెట్టు కొన్నాము. తీరా నిలబెట్టాక కొమ్మల సందుల్లో నుంచి వెనక గోడంతా కనిపించింది. ఈసారి కొత్తది కొనాలా, ఉన్నదాన్నే బాగుచేసుకోవచ్చా? కొంటే ఏం చూసి కొనాలి?
– ఒక గృహిణి, విజయవాడ

జవాబు: కొత్తది కొనే ఆలోచన ఒక వారం వాయిదా వేయండి. మీరు చెప్పిన ఇబ్బందిలో చాలా భాగం కొమ్మలను సరిగా విప్పకపోవడం వల్ల వచ్చేదే. కర్మాగారంలో చెట్టును పెట్టెలో పట్టేందుకు ప్రతి కొమ్మనూ, దాని చివరలనూ ఒకదానిమీద ఒకటి అదిమి కడతారు. ఇంటికి తెచ్చాక మనం కొమ్మలను కిందికి వాల్చి అంతటితో పని అయిందనుకుంటాము. నిజానికి అడుగు వరుస దగ్గర మొదలుపెట్టి, కాండం పక్కనుంచి బయటికి వస్తూ, ప్రతి చిన్న రెమ్మనూ విడదీసి ఒకటి ఎడమకూ, ఒకటి కుడికీ, ఒకటి పైకీ వంచుకుంటూ పోవాలి. చెయ్యి గీసుకోకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఆరడుగుల చెట్టుకు గంటకు పైగానే పడుతుంది, ఇద్దరు కూర్చుంటే మేలు. ఇంత చేశాక కూడా సందులు మిగిలితే, కాండం చుట్టూ ముదురు ఆకుపచ్చ తళుకుల దండను ఒత్తుగా చుట్టండి. వెనక గోడ కనిపించదు, చెట్టు లోపల నీడ ఉన్నట్టు ఉంటుంది.

అయినా తృప్తి కలగకపోతే అప్పుడు కొనండి, కానీ ముందు హాలును కొలవండి. పెట్టె మీద రాసిన ఎత్తులో స్టాండూ, పైన ఒంటిగా నిలిచే కొమ్మ కొసా కూడా కలిసే ఉంటాయి. నక్షత్రానికి మరో అర అడుగు కావాలి. మన ఇళ్లలో పైకప్పు కన్నా ముందుగా చూడవలసింది ఫ్యాను. కోస్తాలో డిసెంబరులో కూడా దోమల కోసం ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. దాని రెక్కల కింద చెట్టు పెడితే దండలు జారిపోతాయి, తేలికపాటి బంతులు రాలిపోతాయి. ఎత్తు కన్నా వెడల్పు దగ్గర ఎక్కువమంది మోసపోతారు. నిండుగా ఉండే ఆరడుగుల చెట్టు అడుగుభాగం మూడున్నర నుంచి నాలుగు అడుగులు ఆక్రమిస్తుంది. మీ హాలులో సోఫా, టీవీ బల్ల పోగా అంత చోటు మిగలకపోవచ్చు. సుద్దముక్కకు దారం కట్టి, ముగ్గులో చక్రం గీసినట్టు నేల మీద ఆ కొలతకు ఒక గుండ్రం గీసి, రెండు రోజులు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరిగి చూడండి. ఇరుకనిపిస్తే రెండు, రెండున్నర అడుగుల వెడల్పుతో వచ్చే సన్నపాటి చెట్టును గానీ, 5 అడుగుల చెట్టును గానీ తీసుకోండి. నన్ను అడిగితే మీ హాలుకు 5 అడుగులే అందం.

ఇక రకం సంగతి. దుకాణాలలో ప్రధానంగా రెండు రకాల ఆకులు కనిపిస్తాయి. పలుచని పీవీసీ రేకును సన్నని చీలికలుగా కత్తిరించి తీగల మధ్య మెలిపెట్టి చేసేది ఒకటి. పాలిథిలిన్‌ను కరిగించి అసలు కొమ్మ ఆకారంలో ఉన్న అచ్చులో పోసి తీసేది రెండవది. పట్టుకొని చూస్తే తెలిసిపోతుంది: మొదటిది కాగితంలా చదునుగా ఉంటుంది, రెండవదానిలో ప్రతి ఆకుకూ మందం ఉంటుంది. రెండవ రకం సహజంగా కనిపిస్తుంది, ధర కూడా ఎక్కువే. బయటి కొసలకు పాలిథిలిన్, లోపలికి పీవీసీ కలిపి చేసినవి మధ్యస్థమైన ధరలో దొరుకుతాయి, వాటినే నేను సిఫారసు చేస్తాను. పెట్టె మీద ‘టిప్స్’ అని ఒక అంకె ఉంటుంది, అది కొమ్మల చివరల లెక్క. ఆరడుగుల చెట్టుకు అది మూడు నాలుగు వందలు మాత్రమే అయితే, మీరు కిందటేడు చూసినట్టే గోడ కనిపిస్తుంది. ఏడెనిమిది వందలు దాటితే నిండుగా ఉంటుంది. కొమ్మలు కాండానికి కీలుతో బిగించి ఉన్నాయా, ఒక్కొక్కటిగా కొక్కెంలో తగిలించాలా అని అడగండి. కీలు ఉన్నవి ఏటేటా విప్పి మడవడానికి సులువు. స్టాండు ప్లాస్టిక్‌ది వద్దు, ఇనుప కాళ్లున్నది తీసుకోండి. అలంకరణంతా అయ్యాక బరువు ఒకవైపుకు మొగ్గినప్పుడు ఆ తేడా తెలుస్తుంది. వీలైతే దుకాణంలో నిలబెట్టి ఉన్న చెట్టును చూడకుండా కొనకండి.

ప్రశ్న: మా చిన్నప్పుడు మా నాన్నగారు సరుగుడు కొమ్మ తెచ్చి, ఇసుక నింపిన బకెట్టులో నాటేవారు. ఇప్పుడు మా పిల్లలు ప్లాస్టిక్ చెట్టే కావాలంటున్నారు. పాత పద్ధతిని వదిలేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు.
– ఒక ఉపాధ్యాయుడు, నరసాపురం

జవాబు: వదిలేయవలసిన అవసరం లేదు. పైన్, ఫర్ చెట్లు పెరగని మన తీరప్రాంతంలో సరుగుడే ఎన్నో తరాలుగా క్రిస్మస్ చెట్టు అయింది. దూరం నుంచి చూస్తే పైన్ సూదుల్లా కనిపించేవి నిజానికి దాని సన్నని పచ్చటి రెమ్మలు, అసలు ఆకులు ఆ రెమ్మల కణుపుల దగ్గర కంటికి ఆననంత చిన్న పొలుసులుగా ఉంటాయి. నరికిన కొమ్మ నాలుగైదు రోజులలో వాడి, వారం పది రోజులకు రాలడం మొదలవుతుంది. కాబట్టి డిసెంబరు 22, 23 తేదీలకు ముందు తేకండి. ఇసుకను రోజూ తడిపి ఉంచండి. ఎండిన సరుగుడు త్వరగా అంటుకుంటుంది గనుక దగ్గరలో కొవ్వొత్తులు వద్దు. కొమ్మను ఎవరి తోటలోనైనా నరికే సమయంలో అడిగి తీసుకోండి, గట్టు మీద గాలికి అడ్డంగా పెంచిన చెట్టును గాయపరచకండి.

పిల్లల కోరికా న్యాయమైనదే. నెల రోజులు నిలిచి ఉండే చెట్టును వాళ్లు తీరిగ్గా అలంకరించుకోగలరు. హాలులో చిన్న ప్లాస్టిక్ చెట్టు పెట్టి, యేసు పుట్టుకను చూపించే బొమ్మల పశువుల పాక పక్కన సరుగుడు కొమ్మను నిలపండి. పాకకు ఆ పచ్చి వాసన తోడైతే ఎంత బాగుంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంకో దారి కూడా ఉంది. నర్సరీలలో క్రిస్మస్ చెట్టు అని కుండీలో అమ్మే అరకేరియా మొక్కను కొని ఏడాది పొడవునా పెంచుకోవచ్చు. దాని కొమ్మలు బరువు మోయవు, కాగితపు నక్షత్రాలే తగిలించాలి.

మీ ఊరి నుంచి ఉత్తరం వచ్చింది కాబట్టి ఒక మాట. 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పిన లేసు అల్లిక ఇప్పటికీ మీ ఊరి చుట్టుపక్కల వేలాది మహిళల చేతుల్లో బతికి ఉంది. తెల్ల దారంతో చిన్న చిన్న నక్షత్రాలు అల్లించి, చిక్కటి గంజిలో ముంచి, పలక మీద గుండుసూదులతో పరిచి ఆరబెట్టండి. బిగుసుకొని కాగితంలా నిలుస్తాయి. ఆకుపచ్చ కొమ్మ మీద వాటికి సాటి వచ్చే అలంకారం బజారులో దొరకదు.

ప్రశ్న: కిందటేడు చెట్టుకు చుట్టిన సీరియల్ బల్బుల ప్లగ్గు దగ్గర నిప్పురవ్వలు వచ్చాయి. ఈసారి లైట్లు పెట్టడానికి భయంగా ఉంది.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: భయపడటం మంచిదే, ఆ సెట్టును మళ్లీ వాడకండి. ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్కులోని తన ఇంట్లో చెట్టుకు విద్యుద్దీపాలు పెట్టడానికి ముందు, ఆ చెట్లకు నిజం కొవ్వొత్తులు వెలిగించేవారు, ఇళ్లు తగలబడేవి. విద్యుత్తు వచ్చాక ప్రమాదం తగ్గింది గానీ పోలేదు.

పాత రకం సీరియల్ సెట్టులో బల్బులన్నీ ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటి ఉంటాయి, 230 వోల్టులను అవన్నీ పంచుకుంటాయి. ఒకటి మాడిపోతే వరుసంతా ఆరిపోతుంది. అప్పుడు మనవాళ్లు మాడిన బల్బును తీసేసి, తీగల కొసలు కలిపి మెలిపెట్టి, టేపు చుట్టి వెలిగిస్తారు. అలా తీసేసిన ప్రతిసారీ మిగిలినవాటి మీద భారం పెరిగి అవి వేడెక్కుతాయి. టేపు జారితే బయటపడిన తీగ నేరుగా చెట్టు ఇనుప కాండాన్ని తాకుతుంది. ప్లాస్టిక్ చెట్టు లోపలంతా ఇనుమేనని మరవకూడదు. పిల్లలు తాకేది ఆ చెట్టునే.

కాబట్టి ప్లగ్గు దగ్గరే వోల్టేజిని తగ్గించే అడాప్టరు ఉన్న ఎల్ఈడీ సెట్టు కొనండి. ధర కాస్త ఎక్కువైనా ఇక్కడ పొదుపు చేయవద్దు. చుట్టేముందు నేల మీద పరిచి ఒక గంట వెలిగించి, తీగ, అడాప్టరు వేడెక్కుతున్నాయేమో చూడండి. స్విచ్చు ఆపి, ప్లగ్గు తీసేసిన తర్వాతే చెట్టు మీద చెయ్యి వేయండి. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు చెట్టు లైట్లూ, బయటి నక్షత్రమూ, మరొకటీ కలిపి గుచ్చకండి. దూదిని మంచులా పరిచే అలవాటు చాలా ఇళ్లలో ఉంది, దాన్ని మానేయమని ప్రాధేయపడుతున్నాను: దూది క్షణంలో అంటుకుంటుంది. 24వ తేదీ రాత్రి ఆరాధనకు ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు లైట్లు ఆపి, తాళం వేయండి.

ప్రశ్న: అలంకరణ దేనితో మొదలుపెట్టాలి? ఎన్ని బంతులు కావాలి? ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు.
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: ముందు లైట్లు, తర్వాత దండలు, ఆ తర్వాత బంతులూ బొమ్మలూ, అన్నిటికన్నా చివర నక్షత్రం. లైట్ల తీగను పైపైన చుట్టకుండా ప్రతి కొమ్మ మీదుగా కాండం దాకా తీసుకుపోయి మళ్లీ బయటికి తెండి, అప్పుడు వెలుగు లోపలి నుంచి వస్తుంది. 5 అడుగుల చెట్టుకు యాభై వరకు బంతులు సరిపోతాయి. పెద్దవి కింద, కాండానికి దగ్గరగా. చిన్నవి పైన, కొసలకు. రంగులు రెండు మూడుకు మించకుంటే కంటికి హాయిగా ఉంటుంది, అయితే పిల్లలు బడిలో చేసి తెచ్చిన వంకర నక్షత్రానికి మాత్రం ఈ నియమం వర్తించదు, దాన్ని అందరికీ కనిపించేచోట పెట్టండి.

బాబు చెయ్యి అందే రెండున్నర అడుగుల వరకు గాజు బంతులూ, చిన్న గంటలూ, ఇనుప కొక్కేలూ వద్దు. అక్కడ గుడ్డ బొమ్మలు దారంతో కట్టండి. చెట్టు పైభాగాన్ని కిటికీ చువ్వకు పలుచని నైలాను దారంతో కడితే లాగినా పడదు. పాత పీవీసీ చెట్లలో సీసం కలిసిన పదార్థాలు ఉండే అవకాశం ఉంది, ఆకులు నోట్లో పెట్టుకోకుండా చూసి, చెట్టు ముట్టుకున్నాక చేతులు కడిగించండి.

మీకు దగ్గరలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిమెన పట్టి, సహజ రంగులు కలిపిన లక్కతో మెరుగుపెట్టే ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. వాటిలో చిన్న గంటలు, బొంగరాలు, పక్షులు ఎంచి కాండం దగ్గరి గట్టి కొమ్మలకు కట్టండి. ఏటా ఒకటో రెండో చేర్చుకుంటూ పోతే పదేళ్లకు ఆ చెట్టు మీ ఇంటిదే అవుతుంది.

ప్రశ్న: బైబిలులోని యిర్మీయా గ్రంథం 10వ అధ్యాయం ప్రకారం చెట్టును అలంకరించడం తప్పని మా పెదనాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక యువతి, ఖమ్మం

జవాబు: ఆ అధ్యాయాన్ని 5వ వచనం వరకు ఆయనతో కలిసి చదవండి. అడవిలో చెట్టు నరికి, పనివాడు చెక్కి, వెండి బంగారాలు పొదిగి, కదలకుండా మేకులు కొట్టి నిలిపే, మాట్లాడలేని, నడవలేని విగ్రహం గురించి ప్రవక్త చెబుతున్నాడు. క్రిస్మస్ చెట్టు ఆచారం ఎన్నో శతాబ్దాల తర్వాత జర్మన్ భాషా ప్రాంతాలలో పుట్టింది. 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ వర్ణనలో ఇళ్లలోని చెట్లకు కాగితపు గులాబీలు, ఆపిల్ పళ్లు కట్టినట్టు ఉంది. దాన్ని ఎవరూ పూజించలేదు. అంతమాత్రాన చెట్టు తప్పనిసరి అని కూడా లేదు, నక్షత్రంతోనే పండుగ జరుపుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ పెదనాన్నగారి మనసు కష్టపెట్టి హాలులో పెట్టేకన్నా, ఈ ఏడాది మీ గదిలో రెండడుగుల చెట్టు పెట్టుకోండి.

ప్రశ్న: చెట్టును ఎప్పుడు తీయాలి? ఎలా దాచాలి? మా పాతది పూర్తిగా పాడైంది, భోగిమంటలో వేయవచ్చా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: శిశువైన యేసును చూడవచ్చిన జ్ఞానుల రాకను స్మరించే జనవరి 6 వరకు ఉంచి తీయడం చాలా సంఘాలలో ఆనవాయితీ. తీసేముందు పొడి కుంచెతో దుమ్ము దులపండి. కొమ్మలను అడుగు నుంచి పైకి మడిచి, పాత చీరతో చుట్టి, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. అట్టపెట్టెలోకి ఎలుకలు, చెదలు వస్తాయి. రేకుల కప్పు కింద అటక మీద పెడితే వేసవి వేడికి పీవీసీ పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది, మంచం కింద పెట్టడం నయం. బంతుల డబ్బాలో నాఫ్తలిన్ ఉండలు వేయకండి, కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అవి మెత్తబరుస్తాయి. ఎండబెట్టిన వేపాకు చాలు.

భోగిమంటలో మాత్రం వేయకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు, దానితోపాటు డయాక్సిన్లు అనే విషపదార్థాలు వెలువడతాయి. మంట చుట్టూ చేరే పసిపిల్లలూ ముసలివాళ్లూ పీల్చేది దాన్నే. పాడైన చెట్టులో కూడా పనికివచ్చే కొమ్మలు ఉంటాయి. వాటిని కత్తెరతో వేరుచేసి తీగకు కట్టి గుమ్మానికి తోరణంగానో, పాక చుట్టూ పచ్చికగానో వాడండి. స్టాండునూ, ఇనుప కాండాన్నీ పాత సామాన్లవాడు తీసుకుంటాడు. మిగిలిన ఆకులను పొడి చెత్తలో వేసి మున్సిపాలిటీ బండికి ఇవ్వండి.